బార్ కింద నా చోటు

జిమ్నాస్టిక్స్ బార్‌ని నేలకి బిగించి పట్టే తీగ వదులైందట, ఇంకో గంట పడుతుందని మైకులో చెప్పారు. గంట. ఒకడు నేలమీద బోర్లా పడుకుని పెద్ద రెంచితో ఏదో తిప్పుతున్నాడు, ఇంకొకడు అతనికి టార్చి పట్టాడు, నలుగురు చేతులు కట్టుకుని చూస్తున్నారు. ఏ దేశమైనా ఇంతే, పని ఒకడిది, చూపు పదిమందిది. నేనూ చూసేవాళ్లలోనే ఉన్నాను. రిచ్‌మండ్‌లో ఈ హాలు పోయిన వారం దాకా పడవల ఎగ్జిబిషన్‌కి ఇచ్చారట, ఎక్కడినుంచో ఇంకా ఆ రంగు వాసన వస్తోంది, లేక చేతులకి రాసుకునే తెల్లపొడి వాసనే నాకలా అనిపిస్తోందో, యాభై ఎనిమిదేళ్లొచ్చాక ముక్కుని కూడా నమ్మడానికి లేదు. గోడకి ఆనుకుని నా శిష్యుడు ఎలిజేవు కూర్చున్నాడు, భుజాలమీద జాకెట్ కప్పుకుని, చెవుల్లో ఏవో పెట్టుకుని, కళ్లు మూసుకుని. ముప్ఫై ఒకటి. ఈ గుంపులో మిగిలిన ఐదుగురూ వాణ్ణి సార్ అనకపోవడమే తక్కువ. ఆరు పరికరాల్లో ఐదు అయిపోయాయి, మిగిలింది హై బార్ ఒక్కటే, వీడు ఎక్కేది అందరికంటే చివర. మూడో వరుసలో పసుపు చొక్కా వేసుకుని బ్రెజిల్ ఫెడరేషన్ మనిషి కూర్చున్నాడు, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని. ప్రపంచ పోటీల టీములో ఒక్క చోటు ఖాళీ, హై బార్ మీద పద్నాలుగు మార్కులు దాటినవాడికి ఆ చోటు. ఎలిజేవు ఇప్పుడు చేస్తున్న రొటీన్‌తో పద్నాలుగు దాటదు, అద్దంలా చేసినా పదమూడున్నర దగ్గర ఆగుతుంది. దాటాలంటే అందులో పెద్దది ఉండాలి. పెద్దది నాలుగేళ్లుగా లేదు. లేకపోవడానికి కారణం నేను. ఆ సంగతి నాకు తెలుసు, వాడికి తెలియదు. నాలుగేళ్లలో చెప్పనివాణ్ణి ఈ గంటలో చెబుతానా.

పెద్దది అని పేరు పెట్టింది నేనే, పుస్తకంలో దానికి వేరే ఎవరిదో పేరుంది, మా ఇద్దరి మధ్య మాత్రం పెద్దది, వాడు ఆ ఒక్క తెలుగు మాటనీ పెద్దాది అని సాగదీసి పలుకుతాడు. బార్ చుట్టూ రెండుసార్లు నిలువునా తిరిగి, పైకి లేస్తూ చేతులు వదిలేసి, బార్ మీదుగా గాలిలో వెనక్కి పల్టీ కొట్టి, కిందికి దిగుతూ మళ్ళీ ఆ బార్‌నే పట్టుకోవాలి. చూసేవాళ్లకి అర సెకను. చేసేవాడికి ఎంతో నాకు తెలియదు, నేనెప్పుడూ చేయలేదు, మా కాలంలో అలాంటివి లేవు. నేను కింద నిలబడేవాణ్ణి. బార్ కింద పరుపు, పరుపు పక్కన కోచ్, అదే నా ఉద్యోగం, అదే నా చోటు. నిలబడొచ్చు, ముట్టుకోకూడదు. పడితే ఒక పాయింటు పోతుంది కానీ లేచి మళ్ళీ ఎక్కొచ్చు. కోచ్ చెయ్యి తగిలితే ఆ విన్యాసం చేయనట్టే లెక్క, పైగా కోత. అంటే కింద ఉన్నవాడు, పైనున్నవాడు బార్‌ని అందుకుంటాడా లేదా అన్నది వాడికంటే ముందే తేల్చుకోవాలి. తప్పు తేల్చుకుంటే రెండు విధాలా నష్టమే, ఒక తప్పుకి మెడ విరుగుతుంది, ఇంకో తప్పుకి బతుకు విరుగుతుంది. మెడ విరిగితే అందరికీ కనిపిస్తుంది.

మా సూర్యప్రకాశరావు మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. కాకినాడలో మిషన్ స్కూలు మైదానం, తుప్పు పట్టిన బార్, కింద కొబ్బరిపీచు పరుపు, వాన పడితే అది రెండ్రోజులు ఆరేది కాదు. ఆయన డ్రిల్లు మాస్టారు, జిమ్నాస్టిక్స్ పుస్తకం చూసి నేర్చుకుని మాకు నేర్పారు. నన్ను రైల్వేలో స్పోర్ట్స్ కోటాలోకి ఎక్కించిందీ ఆయనే. రైల్వే పోటీల్లో ఆయనే నా బార్ కింద నిలబడ్డారు, జడ్జీలకి బాగా కనబడేలా చేతులు వెనక్కి కట్టుకుని. పట్టు జారింది. గాలిలో ఉండగా ఆయన ముఖం చూశాను, ఆ చేతులు వెనకే ఉన్నాయి. మోచెయ్యి మూడు ముక్కలు. ఆస్పత్రికి అరటిపళ్లు తెచ్చి మంచం పక్కన కూర్చుని, ఒరే ఆనందం, మార్కులు పోతాయని ఆగాను రా, అన్నారు, మంచి మనిషి, ఏడ్చారు కూడా. ఆ మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు, ముద్ద నోట్లో పెట్టుకోవాలంటే తల ముందుకు వంచాలి, పెళ్లిచూపుల్లో వసంత అది చూసి నాకు ఆకలెక్కువనుకుందట. పడ్డప్పుడు ఇరవై రెండేళ్లవాణ్ణి. నా కింద ఒక్కడు కూడా అలా పడడు అని ఒట్టు పెట్టుకున్నాను. ఒట్టు పెట్టుకోవడం కుర్రతనం. దాన్ని నిలబెట్టుకోవడానికి ఎవరి బతుకు ఖర్చవుతుందో అప్పుడు తెలియదు కదా.

వాడు కళ్లు తెరిచాడు. నన్నే చూస్తున్నాడేమో. కాదు, గడియారం. మళ్ళీ మూసుకున్నాడు. పద్నాలుగేళ్లప్పుడు కూడా ఇలాగే కూర్చునేవాడు, గోడకి ఆనుకుని, మోకాళ్లు దగ్గరికి లాక్కుని. వాళ్లమ్మ మార్లీ నేను కోచ్‌గా చేసే జిమ్‌ని సాయంత్రాలు శుభ్రం చేసేది, పగలు మేముండే ఆష్‌బర్న్‌లో ఇళ్లు శుభ్రం చేసేది, వాటిలో సగం మనవాళ్ల ఇళ్లే. బ్రెజిల్లోని గొయానియా నుంచి వచ్చారు తల్లీకొడుకులు. ఆమె వాక్యూమ్ తోస్తుంటే వీడు నన్ను ఒక చూపు చూసి, అడగకుండా, ఎగిరి బార్ అందుకున్నాడు. ఆరేళ్ల వయసు నుంచీ అక్కడి క్లబ్బులో నేర్చుకున్నవాడని తర్వాత తెలిసింది. ఆ ఊపు చూసి నేను చేతిలో కాఫీ ఎక్కడ పెట్టానో మర్చిపోయాను. అప్పటికి నా దగ్గరకొచ్చే పిల్లలంతా మన సాఫ్ట్‌వేర్ వాళ్ల పిల్లలు, మ్యాథ్ క్లాసుకీ కూచిపూడికీ మధ్యలో గంట ఖాళీ ఉంటే తెచ్చి పడేసేవాళ్లు, అంకుల్, కార్ట్‌వీల్ ఎన్ని వారాల్లో వస్తుంది, కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవచ్చా అని ఒక తండ్రి అడిగాడు, వాళ్లమ్మాయికి అప్పుడు ఏడేళ్లు. రాసుకోవచ్చండీ అన్నాను, ఏం చెప్పను. వసంత నర్సు ఉద్యోగం వెంట వచ్చినవాణ్ణి నేను, భార్య వీసా మీద రెండేళ్లు ఇంట్లో కూర్చుని వంకాయలు తరిగిన రైల్వే చాంపియన్ని. అలాంటివాడి ముందు దేవుడు వీణ్ణి దించాడు. దేవుడు దించాడని కూడా తర్వాత చర్చిలో సాక్ష్యంలో చెప్పాను. అది మాత్రం నిజమే.

పారలల్ బార్లకి చెయ్యి జారకుండా మా మాస్టారు బెల్లం పాకం రాయించేవారు, మిగతావాళ్లు తేనె రాస్తారు, మాకు తేనె కొనే తాహతు లేదు. ఆష్‌బర్న్‌లో కూడా ఇండియన్ స్టోర్ నుంచి బెల్లం తెచ్చి కరిగించి సీసాలో పోసి పెట్టేవాణ్ణి, చీమలొస్తున్నాయని ఓనరు తిట్టేవాడు. మార్లీ ఒకరోజు ఆ సీసా తుడుస్తూ వేలితో నాకి, రపదూరా, అంది, వాళ్ల ఊళ్లో కూడా ఉందట, దిమ్మలుగానే అమ్ముతారట. ముక్క విరిచి ఇచ్చాను. నిలబడి తినేసి ఏడ్చింది. ఆ తర్వాత నాకు జీతమిచ్చినా ఇవ్వకపోయినా వాడికి నేర్పడం మానలేదు. పంతొమ్మిదేళ్లకి బ్రెజిల్ జెర్సీ వేసుకున్నాడు, ఇరవై రెండుకి ప్రపంచ పోటీలు, ఇరవై ఐదుకి మళ్ళీ వెళ్లి హై బార్ ఫైనల్లో ఆరోవాడు. ప్రపంచంలో ఆరోవాడు, పగలు నా పక్కన నిలబడి మన పిల్లల బూట్ల లేసులు కట్టేవాడు. తల్లులకి వాడెవరో తెలియదు, ఆ హ్యాండ్సమ్ బ్రెజిల్ కోచ్ ఉన్నాడా ఇవాళ అని అడిగేవాళ్లు. వసంత వాణ్ణి ఎలీషా అనేది, ఒకటేగా బైబిల్లో, అనేది, ఆదివారం మా తెలుగు చర్చికి తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకుని, మాట మాటకీ చెవిలో ఇంగ్లీషులో చెప్పేది. సాంబారన్నం రెండుసార్లు అడిగి తినేవాడు. నాకు కొడుకులు లేరు అని ఎప్పుడూ బాధపడలేదు. వీడొచ్చాక లేరు అన్న మాటే అనలేదు.

రెంచి చప్పుడు ఆగింది. అయిపోయిందా. లేదు, ఇంకో రెంచి తెచ్చారు. మంచిది, తిప్పండి బాబూ.

ఆ రోజు కూడా ఎండ ఇలాగే పైనున్న గాజు కిటికీల్లోంచి అడ్డంగా పడుతూ ఉంది, ఒలింపిక్ టీము సెలెక్షన్, బ్రెజిల్లో, సముద్రం పక్క ఊరు. నాలుగేళ్లయింది. కాలేజీ సెలవులని మా అమ్మాయి క్రిస్టీ కూడా మాతో వచ్చింది, పైన గ్యాలరీలో ఫోన్ పట్టుకుని కూర్చుంది. ఎలిజేవు మూడో స్థానంలో ఉన్నాడు, నలుగురిని తీసుకుంటారు, బార్ మీద మామూలుగా చేస్తే చాలు. మామూలు అంటే పెద్దదానితో సహా మామూలు, ఆ ఏడాది వాడు దాన్ని నూటికి తొంభైసార్లు అందుకునేవాడు, కళ్లు మూసుకుని కూడా అందుకునేవాడు. ఎత్తి బార్‌కి వేలాడదీశాను, వెనక్కి జరిగాను. రెండు చుట్లు. వదిలాడు. పైకి లేచాడు, ఎప్పటికంటే కాస్త ఎత్తు, బార్‌కి కాస్త దూరం, కాస్తే, బెత్తెడు. నాకు కాకినాడ పరుపు కనిపించింది. ఇది కథ కోసం చెప్పడం లేదు, నిజంగా తడిసిన కొబ్బరిపీచు వాసన వచ్చింది, వెనక్కి కట్టుకున్న చేతులు కనిపించాయి, అవి నావేననిపించింది. రెండు చేతులూ పైకి వెళ్లిపోయాయి. కుడి అరచెయ్యి వాడి నడుముకి తగిలింది. తగిలేసరికి వాడి రెండు చేతులూ బార్ మీద ఉన్నాయి. ముందే ఉన్నాయి. నా చెయ్యి తగిలి ఊపు చెడి, మోకాళ్లు వంగి, ఒక ఖాళీ ఊపు ఊగి, మళ్ళీ అందుకుని పూర్తి చేసి దిగాడు. జడ్జి కాగితం మీద ఏదో రాసుకుంది. మూడో స్థానంలో ఉన్నవాడు ఆరో స్థానంలోకి పోయాడు. అంత తేలిగ్గా.

పరుపు మీంచి వచ్చి, ఏమైంది కోచ్, అని అడిగాడు. కోపంగా కాదు, నిజంగానే తెలియక, పైన గాలిలో ఉన్నవాడికి తన చేతులు ఎప్పుడు అందాయో నా చెయ్యి ఎప్పుడు తగిలిందో ఆ క్షణాన తెలియదు. చుట్టూ వాళ్ల ఫెడరేషన్ వాళ్లు, మిగతా కోచ్‌లు, అందరూ నా ముఖమే చూస్తున్నారు, ఈ ముసలి ఇండియన్‌కి బుద్ధి లేదా అన్నట్టు. నా నోరు దానంతటదే తెరుచుకుంది. నీకు అందలేదు, ఎడమ చెయ్యి జారింది, నేను పట్టుకోకపోతే మెడమీద పడేవాడివి. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు, నాది ఎంత బాగా అతికిందంటే వాడు నన్ను కౌగిలించుకుని, థాంక్యూ కోచ్, అన్నాడు. అక్కడే ఆపేసి ఉంటే, హోటల్‌కి వెళ్లి స్నానం చేసి కాస్త స్థిమితపడి, లేదురా, పొరపాటు నాదే, అని ఉంటే. ఆ సాయంత్రం క్రిస్టీ తన ఫోన్ నా ముందు పెట్టింది. నెమ్మదిగా నడిపించి చూపించింది. "డాడీ, తను పట్టుకున్నాడు కదా? నువ్వు ఎందుకు టచ్ చేశావ్?" పుట్టినప్పట్నుంచీ ఇక్కడే పెరిగిన పిల్ల, దాని తెలుగులో అలాంటివి మెత్తగా చెప్పడానికి మాటల్లేవు. ఫోన్ కెమెరాకి కోణం సరిగా రాదు, నీకు తెలియదులే, అన్నాను. మీ అమ్మ చూస్తే బెంగపడుతుంది, ఫ్యామిలీ గ్రూపులో పెట్టకు, తీసెయ్ అన్నాను. తీసేసింది. అంతకుముందే నా ఫోన్‌కి పంపింది, నేను మాత్రం తీసేయలేదు. నాలుగేళ్లలో ఎన్నిసార్లు చూసుంటాను. బాత్రూములో తలుపేసుకుని చూసేవాణ్ణి, పాడు బొమ్మలు చూసే కుర్రాడిలా. ప్రతిసారీ ముందు వాడి చేతులు, తర్వాత నా చెయ్యి. ఒక్కసారైనా మారుతుందేమోనని.

ఇంతటితో అయినా ఆగాల్సింది. రెండో ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయమొచ్చింది. స్కూలు క్యాఫెటీరియా అద్దెకి తీసుకుంటాం మేము, బల్లలు మడిచి గోడకి చేర్చి కుర్చీలు వేస్తాం. ఆ వారంలో దేవుడు చేసిన మేలు ఎవరైనా చెప్పాలనుకుంటే లేచి ముందుకొచ్చి చెప్పాలి, ఒకాయనకి వీసా స్టాంపింగ్ అయింది, ఒకామెకి గడ్డ కరిగిపోయింది. వసంత నా మోచెయ్యి పొడిచింది, మీరు చెప్పండి, ఎలీషా సంగతి చెప్పండి, దేవుడు మీ చెయ్యి వాడుకున్నాడు. ఆమెకి నేను చెప్పిందే తెలుసు. లేవకుండా ఉండొచ్చు. గొంతు బాగోలేదనొచ్చు. లేచాను. మైకు పట్టుకున్నాక మనిషి ఊరుకోడు, నేనసలే ఊరుకోను. కాకినాడ పరుపు నుంచి మొదలుపెట్టాను, మాస్టారి చేతులు, నా మోచెయ్యి, నా ఒట్టు, ఇన్నేళ్ల తర్వాత ఆ ఒట్టుని దేవుడు ఎలా నిలబెట్టాడో, ఒలింపిక్స్ పోతే పోయింది ప్రాణం దక్కింది అని. స్తోత్రం అన్నారు అందరూ. వసంత వాడి చెవిలో ఒక్కో మాటా చెబుతూ ఏడుస్తోంది. మార్లీ కూడా ఆ రోజు వచ్చింది, భాష తెలియదు, సంగతి తెలుసు, నేను దిగి రాగానే నా కుడిచెయ్యి అందుకుని అరచేతిలో ముద్దు పెట్టుకుంది. తగిలిన అరచెయ్యే అది. ఎలిజేవు తలవంచుకుని కూర్చున్నాడు. భక్తి అనుకున్నాను. ఆ తర్వాత ఏడాదికి మార్లీ పోయింది, క్యాన్సర్, చివరిదాకా నేను కనబడితే నా చెయ్యే అడిగేది. చచ్చిపోతున్న మనిషికి కూడా చెప్పలేదు నేను. ఆమెకి చెప్పి ఏం లాభం అనుకున్నాను, నా లాభం సంగతి మాత్రం బాగా తెలుసు నాకు.

సాక్ష్యం చెప్పిన మర్నాడు, సోమవారం, జిమ్ తలుపు తీస్తుంటే వచ్చి నిలబడి, కోచ్, పెద్దాది తీసేద్దాం, అన్నాడు. ఎందుకు అని అడగలేదు. అడిగితే భయంగా ఉందంటాడు, భయమెందుకంటే చెయ్యి జారిందిగా అంటాడు, జారలేదని నేను చెప్పాలి. సరే అన్నాను. ఒక్క మాట, సరే. అది తీసేసిన రొటీన్ చాలా శుభ్రంగా ఉండేది, ఉప్పు లేని పప్పులా. నాలుగేళ్లు దాంతోనే తిరిగాడు, టెక్సస్, మెక్సికో, కొలంబియా, ఎక్కడికెళ్లినా పదమూడున్నర, రిజర్వులోనైనా పేరు లేదు. ఇంకో ఒలింపిక్స్ టీవీలో చూశాం, మా ఇంట్లో, సోఫాలో, నా పక్కన కూర్చుని వాడు బ్రెజిల్ వాళ్ల కోసం అరిచాడు. పెద్దదాన్ని మరొకడెవడో అందుకుంటే, బాగా చేశాడు కదా కోచ్, అన్నాడు. లేచి వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి నిలబడ్డాను. పోయిన నెల మాత్రం, ఎవరూ లేనప్పుడు, కింద స్పాంజి ముక్కలు నింపిన గొయ్యి ఉన్న బార్ మీద ఐదుసార్లు ప్రయత్నించాడు, తలుపు సందులోంచి చూశాను. రెండుసార్లు అందుకున్నాడు. ఐదింట్లో రెండు. వాడిలో అదింకా ఉంది, భయమే అడ్డు, ఆ భయం నేను పెట్టిందే, నేనే తీయాలి. దారంతా, ఇంటర్‌స్టేట్ మీద రెండు గంటలు, స్టీరింగ్ పట్టుకుని అదే అనుకుంటూ వచ్చాను. వాడు పక్క సీట్లో నిద్రపోయాడు.

ఫోన్ మోగింది. వసంత. డ్యూటీ మధ్యలో బ్రేకు దొరికిందట. ఎలీషా అయిపోయాడా అని అడిగింది, తీగ సంగతి చెప్పాను. మీరు ఏమైనా తిన్నారా, షుగర్ చూసుకున్నారా, వాడికి అరటిపండు ఇచ్చారా.

"ఏవండీ, ఈసారి వాడికొస్తదంటారా?"

వస్తుంది అనలేదు, రాదు అనలేదు, ప్రార్థన చెయ్యి అన్నాను. చేతకానివాడు చెప్పే మాట అది. ఆమె నిజంగానే చేస్తుంది, ఆస్పత్రి కారిడార్‌లో నిలబడి కళ్లు మూసుకుని, నా అబద్ధాన్ని కూడా కలిపి దేవుడికి అప్పజెబుతుంది, తెలియక. ఫోన్ జేబులో పెట్టుకున్నాను. రెంచిలవాళ్లు లేచి చేతులు తుడుచుకుంటున్నారు. ఒకడు బార్ పట్టుకుని వేలాడి చూశాడు, బొటనవేలు పైకెత్తాడు. మొదటివాడు ఎక్కాడు, తర్వాత రెండోవాడు. ఒక్కొక్కడికి రెండు నిమిషాలు, మార్కులు పడటానికి ఇంకో రెండు. నా కాళ్లు నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్లాయి. వాడి పక్కన కిందకి దిగి కూర్చోడానికి నాకో అరనిమిషం పట్టింది, వాడు చెయ్యి అందించాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇంక చెప్పేది సమాధి దగ్గరే, ఎవరి సమాధి అన్నదే ప్రశ్న.

"ఎలిజేవూ, ఆ రోజు నీ చెయ్యి జారలేదు. నీ రెండు చేతులూ బార్ మీద పడ్డాకే నా చెయ్యి తగిలింది. నేను నీకు అబద్ధం చెప్పాను."

ఇంగ్లీషులో చెప్పాను, మేము మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే, అయినా పరాయి భాషలో కూడా ఆ మాట అంత బరువుగా ఉంటుందనుకోలేదు. వాడు ఒక చెవిలోది తీశాడు. అందులోంచి సన్నగా పాటేదో వినిపిస్తోంది.

"తెలుసు కోచ్," అన్నాడు.

ఎప్పట్నుంచి అని అడిగాననుకుంటాను. ఆ సాయంత్రం నుంచేనట, నాకు చూపించకముందే క్రిస్టీ వాడికి పంపిందట. నేను హోటల్ గదిలో కోణాల గురించి కూతురికి పాఠం చెబుతున్నప్పుడు పక్క గదిలో వీడు అదే చూస్తున్నాడు. మరి ఎందుకు తీసేశావ్, అన్నాను, భయం లేనివాడివి, పెద్దదాన్ని ఎందుకు తీసేశావ్. నా గొంతు పైకి లేచింది, మూడోవాడి కోచ్ వెనక్కి తిరిగి చూశాడు. వాడు మణికట్టుకి తోలుపట్టీ చుట్టుకుంటున్నాడు, ఒక్కో మాటకీ ఒక్కో చుట్టు.

"మీరు చర్చిలో చెప్పేశారు. ఆంటీ ఏడ్చింది, అమ్మ మీ చెయ్యి ముద్దు పెట్టుకుంది. నేను ప్రతి మీట్‌లోనూ దాన్ని అందుకుంటూ పోతే, ఆ రోజు కూడా అందుకునే ఉంటానని వాళ్లకెప్పుడో తట్టేది. ఒక ఏడాది ఆగుదామనుకున్నాను. ఈలోపు మీరే చెబుతారనుకున్నాను."

ఏడాదికి మార్లీ పోయింది. ఆ వెంటనే వాడికి భుజం నొప్పి మొదలైంది. అవన్నీ వాడు చెప్పలేదు, నేనే లెక్క కట్టుకున్నాను, పక్కనే ఉండి చూసినవే కదా. నా అబద్ధాన్ని నేను మోస్తున్నాననుకున్నాను ఇన్నాళ్లూ. బరువంతా వీడి భుజం మీద ఉంది. వాడి చెయ్యి పట్టుకున్నాను, ఇప్పుడు చెయ్యరా, ఈరోజు పెట్టు దాన్ని, నేను బార్ కింద నిలబడను, ఆ తలుపు దగ్గరికి వెళ్లిపోతాను, హాలు బయటికి పొమ్మన్నా పోతాను, ఐదింట్లో రెండు అందుకున్నావు నేను చూశాను, నీకు పద్నాలుగు వస్తుంది, అని ఏదేదో వాగాను. తెలుగులో కూడా వాగాను. వాడు ఎడమచేతిని నా ఒళ్లో పెట్టి విప్పాడు. చివరి రెండు వేళ్లని రెండో చేతితో గిల్లి చూపించాడు.

"మూడు వారాలుగా వీటిలో స్పర్శ లేదు. ఇప్పుడు నా వల్ల కాదు కోచ్. ఇవాళ పూర్తి చేసేసి వెళ్దామని వచ్చాను, అంతే. మీరు ఎప్పుడూ నిలబడే చోటే నిలబడండి."

పోయిన నెల ఐదుసార్లు ప్రయత్నించింది, రొటీన్‌లో పెట్టడానికి కాదు, ఇక ఆట వదిలేయొచ్చా అని చూసుకోవడానికి. నాకు చెప్పలేదు. చెబితే నేను ఆశ వదులుకోవాల్సి వస్తుందని. నేర్పించిన విద్యలన్నిటికంటే ఇది బాగా నేర్చుకున్నాడు నా దగ్గర, చెప్పకుండా ఉండటం. ఐదోవాడు దిగాడు. వాడి పేరు పిలిచారు, పేరు పక్కన దేశం పేరు, ఎక్కడో నలుగురు చప్పట్లు కొట్టారు, పసుపు చొక్కా మనిషి ల్యాప్‌టాప్ కొంచెం దగ్గరికి లాక్కున్నాడు. లేవడానికి మళ్ళీ వాడే చెయ్యి అందించాడు, స్పర్శ ఉన్న చెయ్యి. నడిచాం. పరుపు మీద నడుము దగ్గర పట్టుకుని ఎత్తాను, ముప్ఫై ఒక్కేళ్ల మనిషి ఎంత తేలిక, పదిహేడేళ్లుగా ఎత్తుతున్నా ఇంత తేలిక అని ఎప్పుడూ అనిపించలేదు. బార్ అందుకున్నాడు. వదిలేశాను. వెనక్కి రెండడుగులు వేసి నా చోటులో నిలబడ్డాను, ఎక్కడికీ పోలేదు.

మొదలుపెట్టాడు. కాళ్లు తిన్నగా, వేళ్లు మొనదేలి, ఒక్క వంకర లేదు, చేతిలో రెండు వేళ్లకి స్పర్శ లేనివాడని ఎవరంటారు. ఒక మలుపు, ఇంకో మలుపు, పట్టు మార్చాడు, శుభ్రం. ఇక రెండు పెద్ద చుట్లు వచ్చాయి, వాటి తర్వాత అది ఉండేది. మొదటి చుట్టు. రెండో చుట్టులో పైకి లేస్తుంటే గాజు కిటికీ వెలుగు వాడి వీపు మీద పడింది, ఇక్కడే, ఇదిగో ఇక్కడే. వాడు వదల్లేదు. గట్టిగా పట్టుకుని మామూలుగా మరో చుట్టు తిరిగి కిందికి వచ్చాడు. వదలడని నాకు తెలుసు, కాసేపటి కిందటే నాతో చెప్పాడు. అయినా నా రెండు చేతులూ పైకి లేచి ఉన్నాయి, ఖాళీ గాలిలో, వేళ్లు చాపుకుని. జడ్జి నా వైపు చూసింది, ఏమీ తగలలేదు, ఏమీ రాసుకోలేదు. వాటిని కిందికి దించడానికి నాకు చాలాసేపు పట్టింది.